బ్లడీ మేరీ డైరీ: ఐదు వారాలు, 11 కిలోల టమాటాలు

బ్లడీ మేరీ అంటే టమాటా రసం (చారు కాదు, జ్యూస్), వోడ్కా, మసాలా కలిపిన చల్లటి డ్రింకు. ఇంట్లో దాన్ని చేయాలనుకునేవాళ్లు నేను పాడుచేసిన టమాటాలను మళ్లీ పాడుచేయకూడదని ఈ డైరీ రాస్తున్నాను. మేముండేది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇక్కడ టమాటా పంట ముమ్మరంగా ఉంటుంది. సెప్టెంబరులో ఒక ఆదివారం మా ఇంట్లో 12 మందికి బ్రంచ్ పెట్టుకున్నాం. అంటే టిఫిన్‌కీ భోజనానికీ మధ్య, పదకొండింటికి. వాళ్లలో మందు తాగేవాళ్లు 8 మంది, తాగనివాళ్లు 4. నాకు నేను పెట్టుకున్న షరతు: అందరికీ ఒకటే మిక్స్. వోడ్కా పోస్తే బ్లడీ మేరీ, పోయకపోతే వర్జిన్ మేరీ. రెండూ రుచిగా ఉండాలి.

ఫోన్లో చెబితే అమ్మ, "పొద్దున్నే మందేంటే?" అంది. ఇది టమాటా చారుకు దగ్గర చుట్టం అని చెప్పాను. అప్పుడు మాట వరసకు అన్నాను గానీ, ఐదు వారాల తర్వాత చూస్తే అదే నిజం. దీని చరిత్రంతా టమాటా రసం చుట్టూనే తిరిగింది. నా తప్పుల్లో పెద్దవి కూడా అక్కడే జరిగాయి.

వాడిన సామాను: 1 గ్రాము వరకు తూచే వంటింటి త్రాసు, 0.1 గ్రాము తూచే చిన్న త్రాసు, గుచ్చి చూసే థర్మామీటర్, 500 మి.లీ. కొలపాత్ర, సన్నని స్టీల్ జల్లెడ, షేకర్ (డ్రింకును ఐసుతో ఊపే మూత గ్లాసు), రెండు పెద్ద గ్లాసులు, ఫోన్లో టైమర్.

దశ 1: సగం వోడ్కా, సగం రసం (మొదటి శనివారం)

దొరికినంతలో పాత రూపం నుంచి మొదలుపెట్టాను. 1939 డిసెంబరులో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ కాలమిస్టు లూషియస్ బీబీ, హాస్యనటుడు జార్జ్ జెస్సెల్ కొత్త డ్రింకు ఒకటి తెచ్చాడని రాశాడు. దాని పేరు బ్లడీ మేరీ. సగం టమాటా రసం, సగం వోడ్కా, అంతే.

1. డబ్బా టమాటా రసం 60 మి.లీ.
2. వోడ్కా 60 మి.లీ.
3. ఐసుతో షేకర్‌లో 10 సెకన్లు ఊపి వడకట్టాను.

ఊపకముందు బరువు 119 గ్రాములు, ఊపాక 155. అంటే 36 గ్రాముల ఐసు కరిగింది. లెక్క కడితే గ్లాసులో ఆల్కహాల్ సుమారు 15 శాతం, వైన్ కన్నా ఘాటు. రుచి చప్పగా ఉంది, గొంతు మాత్రం మండింది. రెండో గ్లాసు ఊపకుండా కలిపి చూశాను. తేడా ఏమీ లేదు.

అయినా ఆ రోజుల్లో ఇది ఎందుకు కొత్తగా అనిపించిందో అర్థమైంది. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్య నిషేధం. వోడ్కా అప్పటికి అక్కడ చాలామందికి తెలియని సరుకు. డబ్బాల్లో టమాటా రసం కూడా 1920ల చివర్లోనే బజారుకొచ్చింది. అంతకుముందు రసం తీసి డబ్బాలో పోస్తే పిప్పి ఒకవైపు, నీళ్లు ఒకవైపు అయ్యేవి. ఇండియానా రాష్ట్రంలోని ఫ్రెంచ్ లిక్ హోటల్లో 1917లో ఒక పొద్దున నారింజలు అయిపోతే, వంటవాడు లూయీ పెరిన్ టమాటాలు పిండి రసం ఇచ్చాడని చెప్పుకుంటారు. రెండు కొత్త వస్తువులు ఒకే గ్లాసులో కలవడమే అప్పట్లో వార్త. నాకు మాత్రం ఇది వంట మొదలవక ముందు గట్టు మీద పెట్టిన సరుకులా తోచింది.

ఇప్పటిదాకా: వోడ్కా 120 మి.లీ., ఖర్చు 21 డాలర్లు (వోడ్కా 1.75 లీటర్ల సీసా 18, డబ్బా రసం 3).

దశ 2: పెటియో గారి "డాష్" ఎన్ని గ్రాములు? (రెండో శనివారం)

బార్‌లో డ్రింకులు కలిపే ఫెర్నాండ్ పెటియో పారిస్‌లో ర్యూ డోనూ వీధిలోని హ్యారీస్ న్యూయార్క్ బార్‌లో పనిచేశాడు. 1934లో న్యూయార్క్ సెయింట్ రీజిస్ హోటల్లోని కింగ్ కోల్ బార్‌కు వచ్చాడు. ఈ డ్రింకు 1921లో తమ దగ్గరే పుట్టిందని హ్యారీస్ బార్ వాళ్లు చెబుతారు. డబ్బా రసం వచ్చిన కాలం చూశాక నేను న్యూయార్క్ వైపే మొగ్గుతున్నాను. 1964లో న్యూయార్కర్ పత్రిక అడిగితే పెటియో సూటిగానే చెప్పాడు: జెస్సెల్ చేసింది ఉత్త వోడ్కా, టమాటా రసం, ఇవాళ మనం తాగే రూపం ఇచ్చింది తానే అని. కొలతలూ చెప్పాడు. షేకర్ అడుగున ఉప్పు నాలుగు పెద్ద డాష్‌లు, మిరియాల పొడి రెండు, కాయెన్ మిరప పొడి రెండు, వాటి మీద ఒక పొర వోస్టర్‌షైర్ సాస్ (సీసాలో దొరికే పుల్లటి ఇంగ్లిష్ సాస్), కాస్త నిమ్మరసం, ఐసు, రెండు ఔన్సుల (సుమారు 60 మి.లీ.) వోడ్కా, రెండు ఔన్సుల చిక్కటి టమాటా రసం.

మొదటి ప్రయత్నం. డాష్ అంటే చిటికెడు అనుకుని నాలుగు పెద్ద చిటికెలు వేశాను. నోట్లో పెట్టుకోలేకపోయాను. మళ్లీ అలాంటివే నాలుగు చిటికెలు తీసి తూస్తే 2.6 గ్రాములు. అది కాక డబ్బా రసంలో ముందే ఉప్పుంది. లేబుల్ మీద 240 మి.లీ.కి 640 మిల్లీగ్రాముల సోడియం. సోడియాన్ని 2.5తో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది. అంటే నా 60 మి.లీ.లో 0.4 గ్రాములు. సాస్ నుంచి మరో 0.3. మొత్తం 3.3 గ్రాములు, దాదాపు 2 శాతం.

ఎంతుండాలో తేల్చుకోవడానికి ఆ రాత్రి మా ఇంట్లో చారు పెడుతున్నప్పుడు ఉప్పూ చారూ రెండూ తూచాను. 0.9 శాతం వచ్చింది. మా నాలుకలకు అలవాటైన లెక్క అదే కాబట్టి దాన్నే గురిగా పెట్టుకున్నాను. కరిగే ఐసుతో సహా మొత్తం బరువు మీద ఆ శాతం రావాలి. ఐసును వదిలేసి లెక్క కడితే సగం గ్లాసు అయ్యేసరికి చప్పబడుతుంది.

రెండో ప్రయత్నం: విడిగా ఉప్పు 0.8 గ్రాములు. బాగుంది, కానీ వోడ్కా ఇంకా మీదికొస్తోంది.

మూడో ప్రయత్నం: రసం 120, వోడ్కా 60. మొదటిసారి ఇది డ్రింకులా అనిపించింది. చివరికి వోడ్కా 45కు తగ్గించాను. పెటియో సగం సగం పోశాడు నిజమే, కానీ అది చిన్న గ్లాసులో వడకట్టి ఇచ్చే కాక్‌టెయిల్. బ్రంచ్‌కు గంటసేపు చేతిలో ఉండే పొడుగు గ్లాసు కావాలి.

లోపం ఒకటి మిగిలింది. ఆయన "చిక్కటి రసం" అన్నాడు. డబ్బా రసం పలచగా ఉంది, ఇనుము వాసన వేస్తోంది.

ఇప్పటిదాకా: వోడ్కా 300 మి.లీ., ఖర్చు 32 డాలర్లు.

దశ 3: రసం విరిగిపోయింది (మూడో శనివారం, ఆదివారం)

ఈ ప్రాజెక్టులో అసలు పని ఇదే. రైతుబజారులో రోమా టమాటాలు, కోలగా కండ పట్టి ఉండేవి, 4.5 కిలోలు కొన్నాను. 18 డాలర్లు.

ప్రయత్నం అ, 1 కిలో. టమాటాలు ఉడికించకుండానే బ్లెండర్‌లో తిప్పి వడకట్టాను. 620 మి.లీ. వచ్చింది. రంగు లేత గులాబీ, నిండా నురగ. కొలపాత్రలో 500 మి.లీ. పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. మూడు గంటల తర్వాత పిప్పి పైకి తేలింది, అడుగున పసుప్పచ్చటి తేట 190 మి.లీ. గరిటెతో కలిపితే కలుస్తుంది, పది నిమిషాల్లో మళ్లీ విడిపోతుంది. గ్లాసులో పోస్తే కింద నీళ్లు, పైన ముద్ద.

ప్రయత్నం ఆ, 1.5 కిలోలు. ఉడికిస్తే సరిపోతుందనుకున్నాను. అన్నీ ముక్కలు కోసి, గిన్నెలో వేసి, చేత్తో చిదిమి, సన్నని మంట మీద పెట్టాను. మరుగు రావడానికి 35 నిమిషాలు పట్టింది. 900 మి.లీ. రసం. రాత్రంతా ఉంచితే 500లో తేట 110 మి.లీ. కొంత నయమే, కానీ పనికిరాదు.

ఎందుకిలా అవుతోందో ఆ రాత్రి చదివి తెలుసుకున్నాను. టమాటాను కోయగానే దానిలోని ఎంజైములు పెక్టిన్‌ను విరగ్గొట్టడం మొదలుపెడతాయి. రసానికి చిక్కదనం ఇచ్చేదీ, పిప్పిని నీటిలో పట్టి ఉంచేదీ ఆ పెక్టినే. గోరువెచ్చటి వేడిలో ఆ ఎంజైములు ఇంకా చురుగ్గా పనిచేస్తాయి. నేను సన్నని మంట మీద 35 నిమిషాలు పెట్టింది వాటికి అనువైన వేడిలోనే అన్నమాట. 85, 90 డిగ్రీలు దాటాకే అవి చచ్చిపోతాయి. ఫ్యాక్టరీల్లో దీన్ని హాట్ బ్రేక్ అంటారు. కోయడానికీ మరగడానికీ మధ్య వ్యవధి ఉండకూడదు.

ప్రయత్నం ఇ, 2 కిలోలు.

1. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నెను పెద్ద మంట మీద ముందే వేడి చేయాలి.
2. నాలుగు టమాటాలు మాత్రమే కోసి వెంటనే అందులో వేసి గరిటెతో చిదమాలి.
3. అది మరుగుతున్నప్పుడే మరో రెండు కోసి వేయాలి. మరుగు ఆగకూడదు. ఆగితే తర్వాతి కాయ కోయొద్దు.
4. థర్మామీటర్ 90 కిందికి దిగకుండా చూసుకోవాలి. నాకు 93, 96 మధ్య నిలిచింది.
5. ఆఖరి కాయ వేశాక 5 నిమిషాలు మరగనిచ్చి, వేడి మీదే జల్లెడ పట్టాలి. గరిటె వెనక వైపుతో నొక్కి తీయాలి.

1.25 లీటర్లు వచ్చింది. రాత్రంతా ఉంచితే 500లో తేట 15 మి.లీ. మాత్రమే. అవే టమాటాలు, అదే పొయ్యి, అదే గిన్నె. మారిందల్లా కోతకూ మరుగుకూ మధ్య సమయం. ఐదు వారాల్లో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగింది ఆ 15 దగ్గరే.

మన ఊళ్లలో చేసేవాళ్లకు ఒక మాట: నాటు టమాటా పులుపు బాగుంటుంది కానీ నీళ్లెక్కువ. మదనపల్లె మార్కెట్ నుంచి వచ్చే గట్టి హైబ్రిడ్ కాయల్లో కండ ఎక్కువ. రెండూ సగం సగం కలిపితే మేలని నా అభిప్రాయం. ఈ రసం ఫ్రిజ్‌లో నాలుగు రోజులకు మించి ఉంచొద్దు. సీసాల్లో పోసి బయట నిలవ పెట్టడం వేరే పద్ధతి. టమాటా పులుపు ఒక్కటే దానికి చాలదు, కొలత ప్రకారం నిమ్మరసం కలిపి, సీసాలను నీళ్లలో మరిగించాలి. నేనా పని చేయలేదు.

ఇప్పటిదాకా: టమాటాలు 4.5 కిలోలు, పనికొచ్చిన రసం 1.25 లీటర్లు, వోడ్కా 300 మి.లీ., ఖర్చు 50 డాలర్లు.

దశ 4: మసాలా, ఒక పెద్ద తప్పు (మూడో ఆదివారం సాయంత్రం నుంచి నాలుగో శనివారం దాకా)

ముందు తప్పు సంగతి. ఆదివారం సాయంత్రం పక్కింటి పద్మక్క వచ్చింది. ఆమె పుట్టు శాకాహారి, మందు ముట్టదు. వర్జిన్ మేరీ గ్లాసు ఇచ్చాను. బాగుందని తాగింది. ఆమె వెళ్లాక, ఉప్పు లెక్క కోసం వోస్టర్‌షైర్ సాస్ సీసా తిప్పి చూస్తే లేబుల్ మీద ఆంకోవీలు అని ఉంది. చిన్న చేపలు. ఆ సాస్ 1837 నుంచి ఇంగ్లండులోని వోస్టర్‌లో లీ అండ్ పెరిన్స్ వాళ్లు అమ్ముతున్నారు. అందులో ఆంకోవీలు ఉండటం రహస్యమేమీ కాదు. చదవకపోవడం నా తప్పు. వెంటనే వాళ్లింటికి వెళ్లి చెప్పాను.

"అక్కా, నేను చూసుకోలేదు. అందులో చేప ఉంది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "తెలిసి చేయలేదుగా. కానీ అందరికీ చెప్పమ్మా, ఎవరికీ తెలీదిది" అంది. ఈ డైరీలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం ఇదే అనుకోండి: మామూలు వోస్టర్‌షైర్ సాస్ శాకాహారం కాదు. రెస్టారెంట్‌లో వర్జిన్ మేరీ అడిగినా అందులో సాధారణంగా ఇది ఉంటుంది.

అదే లేబుల్ మీద చింతపండు కూడా ఉంది. వెనిగర్, మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే నల్లటి పాకం), ఉల్లి, వెల్లుల్లి, లవంగం, చింతపండు, చేప. చేప తీసేస్తే మిగిలినవన్నీ మన వంటింట్లో ఉండేవే. చేప ఇచ్చే ఉప్పటి లోతైన రుచికి సోయా సాస్ వాడాను. మొలాసిస్ బదులు బెల్లం. మూడు రకాల పాళ్లు చూశాక కుదిరిన కొలత చివర ఇచ్చాను.

సెలరీ ఉప్పు (సెలరీ అనే కాడ కూర గింజలు దంచి కలిపిన ఉప్పు, చాలామంది ఈ డ్రింకులో వేస్తారు) బదులు వాము. సెలరీ గింజలు వాములాగే ఉంటాయని చూసి వాము దంచి వేశాను. గ్లాసంతా దగ్గు మందు వాసన. వాములో థైమాల్ ఉంటుంది, సెలరీ గింజలో ఉండదు. రెండూ ఒకే కుటుంబం మొక్కలు, రుచులు మాత్రం వేరు. సెలరీ గింజలు 5 డాలర్లకు కొన్నాను. దొరకకపోతే వదిలేయండి, వాము మాత్రం వద్దు.

హార్స్‌రాడిష్. ముల్లంగికీ ఆవాలకూ చుట్టమైన ఘాటైన దుంప ఇది. ముక్కులోకి ఎక్కే ఆ ఘాటు అమెరికా బార్లలో బ్లడీ మేరీకి తప్పనిసరి అయిపోయింది, పెటియో కొలతలో మాత్రం లేదు. తురిమి వెనిగర్‌లో వేసిన సీసా 4 డాలర్లు. మొదటి రోజు బాగుంది. మిక్స్‌లో కలిపి ఉంచితే మూడో రోజుకు ఘాటు పోయి చేదు మిగిలింది.

దాని ఘాటుకు కారణం అలైల్ ఐసోథయోసయనేట్ అనే పదార్థం. మన ఆవకాయలో వేసే ముదురు రంగు ఆవాల ఘాటూ అదే. దాంతో ఆవపిండికి మారాను. ఇక్కడా ఒకసారి దెబ్బతిన్నాను. ఆవపిండిని నేరుగా నిమ్మరసంలో కలిపాను, ఘాటు రాలేదు, చేదొక్కటే వచ్చింది. ఆవాల్లో ఘాటు ముందే తయారై ఉండదు. పిండి తడిశాక ఒక ఎంజైము దాన్ని తయారు చేస్తుంది. పులుపో వేడో ముందే తగిలితే ఆ పని ఆగిపోతుంది. కాబట్టి:

1. ఆవపిండికి రెండింతలు చల్లటి నీళ్లు.
2. మూతపెట్టి 10 నిమిషాలు.
3. ఆ తర్వాతే పులుపు. పులుపు కలిశాక ఘాటు త్వరగా పోకుండా నిలుస్తుంది.
4. వడ్డించే రోజు పొద్దున్నే కలపాలి, ముందు రోజు కాదు.

కారం. టబాస్కో సాస్ ఎర్ర మిరపను ఉప్పు, వెనిగర్‌తో నిలవ ఉంచి చేస్తారు. లూసియానాలోని ఏవరీ ఐలాండ్‌లో 1868 నుంచి తయారవుతోంది. నా దగ్గర అమ్మ పంపిన గుంటూరు కారం ఉంది కాబట్టి అదే నేరుగా వేశాను. సాయంత్రం సరిగ్గా ఉన్న మిక్స్ పొద్దుటికి నోరు కాల్చింది. పొడిలోని కారం నెమ్మదిగా దిగుతూనే ఉంటుంది, పైగా గ్లాసు అడుగున పొడి గరగరలాడింది. మార్చిన పద్ధతి: 5 గ్రాముల కారం 50 మి.లీ. వెనిగర్‌లో మూడు రోజులు ఉంచి, పలచటి గుడ్డలో వడకట్టాను. ఇక కారం పెరగదు, చుక్కలు లెక్కపెట్టి వేయొచ్చు.

ఇప్పటిదాకా: వోడ్కా 435 మి.లీ., ఖర్చు 59 డాలర్లు.

దశ 5: ఊపాలా, కలపాలా, తిరగబోయాలా (నాలుగో శనివారం)

ఒకే మిక్స్, మూడు గ్లాసులు, ఒక్కొక్కటి 187 గ్రాములు.

- షేకర్‌లో 12 సెకన్లు: 229 గ్రాములు, 2 డిగ్రీలు. పైన రెండు సెంటీమీటర్ల గులాబీ నురగ. పలచబడింది.
- చెంచాతో 20 సెకన్లు: 203 గ్రాములు, 6 డిగ్రీలు. అడుగున మిరియాలు పేరుకున్నాయి.
- ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఐసుతో సహా ఆరుసార్లు: 208 గ్రాములు, 5 డిగ్రీలు. చిక్కదనం పోలేదు, మసాలా అంతటా కలిసింది.

మూడోదే నిలిచింది. బార్లలో దీన్ని రోలింగ్ అంటారు. మనం వేడి పాలను చల్లార్చడానికి రెండు గ్లాసుల మధ్య తిరగబోసే పద్ధతే ఇది. నాకు చెయ్యి తిరిగిన పని కావడంతో ఒక్క చుక్క ఒలకలేదు. పెటియో మరి షేకర్ వాడాడు కదా అనొచ్చు. సగం వోడ్కా ఉన్న డ్రింకుకు ఆ నీళ్లు అవసరం. మూడొంతులు రసం ఉన్నదానికి నీళ్లు చేటు.

2011లో అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశంలో నీల్ డా కోస్టా అనే రుచుల శాస్త్రవేత్త ఈ డ్రింకు రసాయనశాస్త్రం గురించి మాట్లాడారు. ఆయన సలహాలు నాలుగు మాటల్లో: అప్పటికప్పుడు చేయండి, బాగా చల్లగా ఇవ్వండి, మంచి రసం మీద ఖర్చు పెట్టండి, వోడ్కా మీద ఆదా చేయండి. మసాలా మధ్యలో ఖరీదైన వోడ్కా సంగతి నాలుకకు తెలియదు. నా 18 డాలర్ల సీసా అందుకే మార్చలేదు.

ఇప్పటిదాకా: వోడ్కా 570 మి.లీ., ఖర్చు 59 డాలర్లు.

దశ 6: చుట్టాలు (నాలుగో ఆదివారం)

మిగిలిన మిక్స్‌తో రకరకాలు చూశాం, నేనూ మా ఆయనా.

*రెడ్ స్నాపర్, జిన్‌తో.* సెయింట్ రీజిస్ హోటలువాళ్లకు "బ్లడీ" అనే మాట మర్యాదగా అనిపించక తమ మెనూలో ఈ పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు ఈ పేరుతో అడిగితే చాలాచోట్ల జిన్ పోసి ఇస్తారు. జిన్ అనే మందులోని జూనిపర్ కాయల వాసన మిరియాలతో, సెలరీతో చక్కగా కలిసింది. వోడ్కా కన్నా ఇదే నాకు నచ్చింది. వోడ్కా ఈ గ్లాసులో ఏమీ చెప్పదు, జిన్ చెబుతుంది.

*బ్లడీ మరియా, టెకీలాతో.* మా ఆయన ఓటు దీనికి. నిమ్మరసం మరో 5 మి.లీ. పెంచాల్సి వచ్చింది.

*సీజర్, కెనడాది.* 1969లో కాల్గరీ ఇన్ హోటల్లో వాల్టర్ చెల్ తయారుచేశాడు. హోటల్లో కొత్తగా తెరిచే ఇటాలియన్ రెస్టారెంట్‌కు ఒక డ్రింకు కావాలంటే, క్లామ్స్ వేసి చేసే స్పగెటీ ఆయనకు గుర్తొచ్చింది. ఆల్చిప్పల్లాంటి ఆ క్లామ్స్‌ను నలిపి టమాటా రసంలో కలిపాడు. ఇప్పుడు క్లమాటో అనే సీసా రసం వాడతారు. గ్లాసు అంచుకు సెలరీ ఉప్పు అద్దుతారు. నేను సీసాదే వాడాను. అందులో ఉప్పు ముందే ఉంది కాబట్టి నా మసాలాలో ఉప్పు పూర్తిగా తీసేశాను. సముద్రపు వాసన ఇష్టపడేవాళ్లకు బాగుంటుంది. రసం పలచన, నాకు అది వెలితిగానే అనిపించింది.

డెట్రాయిట్‌లో పుట్టిన బుల్ షాట్‌లో టమాటాకు బదులు గొడ్డుమాంసం సూప్ ఉంటుంది. మా ఇంట్లో కుదరదు, చేయలేదు.

సెలరీ కాడ సంగతి. షికాగోలో పంప్ రూమ్ అనే రెస్టారెంట్‌లో 1960ల్లో ఒకరికి కలుపుకోవడానికి పుల్ల ఇవ్వకపోతే, పక్కనున్న కూరగాయల పళ్లెంలోంచి సెలరీ కాడ తీసి కలుపుకున్నారట. అక్కడి నుంచి అది అలవాటైందని చెబుతారు. ఇప్పుడు బార్లలో దీని మీద రొయ్యలు, బేకన్, చిన్న బర్గర్ దాకా గుచ్చుతున్నారు. నాకది నచ్చదు. కాడ ఒక్కటి చాలు. కొరికితే నోటి కారం కాస్త చల్లారుతుంది, దానికో పనుంది.

ఇప్పటిదాకా: వోడ్కా 615 మి.లీ., ఖర్చు 70 డాలర్లు (జిన్, టెకీలా చిన్న సీసాలు, క్లమాటో కలిపి 11).

దశ 7: బ్రంచ్ (ఐదో శనివారం, ఆదివారం)

శనివారం టమాటాలు 6.5 కిలోలు, 26 డాలర్లు. అర కిలో మెత్తబడ్డవి పచ్చడికి తీశాను. 6 కిలోలు హాట్ బ్రేక్ పద్ధతిలో రెండు విడతలుగా చేస్తే 3.75 లీటర్లు. ఇంకాస్త మరగబెట్టి 3.4కు దించాను. మొత్తం 2 గంటల 40 నిమిషాలు. రాత్రి ఫ్రిజ్‌లో.

8 గ్లాసులకు కొలత:

- హాట్ బ్రేక్ రసం, ఉప్పు లేనిది: 960 మి.లీ.
- నిమ్మరసం: 80 మి.లీ.
- ఉప్పు: 12 గ్రాములు
- చింతపండు 15 గ్రాములు, 60 మి.లీ. వేడినీళ్లలో నానబెట్టి పిండిన పులుసు
- బెల్లం: 10 గ్రాములు
- సోయా సాస్: 20 మి.లీ.
- ఆవపిండి 8 గ్రాములు, 16 మి.లీ. చల్లటి నీళ్లలో 10 నిమిషాలు
- అప్పుడే దంచిన మిరియాలు: 3 గ్రాములు
- దంచిన సెలరీ గింజలు: 1.5 గ్రాములు
- కారం వెనిగర్: 16 మి.లీ.

పద్ధతి:

1. చింతపండు పులుసులో బెల్లం, ఉప్పు కరిగించి చల్లార్చాలి.
2. నానిన ఆవపిండిలో నిమ్మరసం, ఆ పులుసు, సోయా సాస్, కారం వెనిగర్ కలపాలి.
3. చల్లటి రసంలో పోసి, మిరియాలు, సెలరీ గింజలు వేసి అరగంట ఉంచాలి.
4. గ్లాసుకు ఈ మిక్స్ 140 మి.లీ., వోడ్కా 45 మి.లీ., ఐసు. ఆరుసార్లు తిరగబోయాలి.
5. వర్జిన్‌కు వోడ్కా బదులు 30 మి.లీ. చల్లటి నీళ్లు. అవి లేకపోతే ఉప్పు ఎక్కువవుతుంది.

ఆదివారం జరిగిన పొరపాటు: పని తగ్గుతుందని మొదటి జగ్గులోనే ఐసు వేసి బల్ల మీద పెట్టాను. ఇరవై నిమిషాల్లో ఐసు కరిగి చివరి రెండు గ్లాసులు చప్పబడ్డాయి. రెండో జగ్గును ఐసు గిన్నెలో కూర్చోబెట్టాను, ఐసును గ్లాసుల్లోనే వేశాను. సమస్య తీరింది.

మొత్తం 20 గ్లాసులు వెళ్లాయి, వోడ్కాతో 13, వర్జిన్ 7. రెండు రకాలనూ పక్కపక్కన పెట్టి తాగి చూసిన వాళ్లలో ముగ్గురు మళ్లీ వర్జినే అడిగారు. పెసరట్టు, ఉప్మాతో ఇది ఇంత కలుస్తుందని నేను ముందు అనుకోలేదు. పద్మక్క వచ్చింది. గ్లాసు అందించే ముందు సామాన్ల చీటీ చేతికిచ్చాను. మొత్తం చదివి, తాగి, "కారం ఇంకో రెండు చుక్కలు వెయ్యి" అంది.

చివరి లెక్క: టమాటాలు 11 కిలోలు, వోడ్కా 1.2 లీటర్లు, ఐసు, నిమ్మకాయలు, సెలరీ 12 డాలర్లు, మొత్తం ఖర్చు 108 డాలర్లు. సీసాలో వోడ్కా 550 మి.లీ. మిగిలింది. రసం ఒక లీటరు మిగిలితే ఫ్రీజర్‌లో ఐసు ట్రేలలో పోశాను. నీళ్ల ఐసుకు బదులు ఆ టమాటా ఐసు వేసి తిరగబోస్తే దశ 5లో వచ్చిన 21 గ్రాముల పలచన ఎంతకు దిగుతుందో వచ్చే శనివారం తూస్తాను.